ఎరువు సొమ్ము

బిల్లులో నాలుగో వరస.
అయిదేళ్లుగా దానిమీద నా కన్ను పడలేదు.
ఉపకరణం అద్దె: నూట పద్దెనిమిది.
మొన్న రాత్రి కరెంటు పోయి,
ఎవరిదో పెళ్లి ఆల్బమ్ సగం ఎక్కి ఆగిపోయి,
చేసే పనిలేక సెల్‌ఫోన్ వెలుగులో
ఆ కాగితం మొత్తం చదివాను.
క్యాలెండర్ వెనక లెక్కేశాను.
అరవై రెండు నెలలు.
ఏడువేల మూడువందల పదహారు.
మళ్లీ వేశాను. అంతే వచ్చింది.

ఆ తెల్ల పెట్టె ఇంకా నాది కాదు.
అడుగున స్టిక్కర్ ఉంది, కంపెనీ ఆస్తి అని.
శుక్రవారం శుక్రవారం
సాంబ్రాణి మసి పట్టకుండా తుడిచింది మాత్రం నేను.

ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
దీనికి బరువెక్కడిది,
అరకిలో కందిపప్పు పొట్లం కన్నా తేలిక.
అందుకే మోస్తున్నట్టు తెలియలేదు.

కొండితోపులో ఈ ఇల్లు అద్దెది.
గ్యాస్ బండ ఇప్పటికీ పాత అద్దెవాళ్ల పేరు మీదే వస్తుంది.
నేను పేజీలు కట్టే ఆల్బముల్లో
పెళ్లికూతుళ్ల మెడలో హారాలూ
చాలామటుకు మూడు రోజుల అద్దెవే.
పెద్దది చేసి చూస్తే
కొక్కెం పక్కన నంబరు చీటీ వేలాడుతుంటుంది.
చెరిపేస్తాను.
దానికే నాకు డబ్బులిస్తారు.

మింట్ దగ్గర బస్సెక్కి రిచీ స్ట్రీట్‌లో దిగాను.
బీరువా అంత కొట్టు, అందులో సికందర్ భాయ్.
"ఇంట్లో ఎన్ని గోడలమ్మా?"
"ఒకటిన్నర."
నవ్వి, రెండువేల ఎనిమిదివందలన్నాడు.
బేరం అరవంలో ఆడాను,
లెక్క తెలుగులో చూసుకున్నాను.
రెండువేల మూడువందల యాభై దగ్గర
ఇద్దరం అలిసిపోయాం.
బిల్లు మీద వకుళని వగుల అని రాశాడు.
దిద్దమనలేదు.
తప్పో ఒప్పో, అది నా పేరు మీద కొన్న వస్తువు.

కంపెనీకి ఫోన్ చేస్తే
తొమ్మిది నొక్కమని, మళ్లీ తొమ్మిది నొక్కమని,
చివరికి ఒక అమ్మాయి:
"సొంతది పెట్టుకుంటే మా బాధ్యత ఉండదు మేడమ్."
ఇన్నాళ్లూ ఉండేదా
అని అడగబోయాను,
ఆ పిల్లది కూడా అద్దె గొంతే కదా అనిపించి
ఊరుకున్నాను.

పాత పెట్టె పట్టుకుపోవడానికి ఏళుమలై వచ్చాడు.
కొత్తదానికి ఏదో నంబరు కావాలట,
అది చెప్పకూడదట, రూలట.
మజ్జిగ తాగాడు.
గ్లాసు బోర్లించి, చెప్పులేసుకుని,
రసీదు వెనక మూడంకెలు గీకి
"నేను చెప్పలేదు" అని
మెట్లు దిగిపోయాడు.

ఎరుపు. ఎరుపు. చాలాసేపు ఎరుపు.
తర్వాత పచ్చ.

పేరేం పెట్టాలని అడిగింది.
ఇన్నేళ్లూ కంపెనీ పొడి అక్షరాలు,
వాటి తోక పట్టుకుని ఆరంకెలు.
ఏం రాయాలో తోచక కాసేపు కూర్చున్నాను.
తెల్లారి పైవాటా పిల్లాడు తొంగిచూసి
"అక్కా, నాలుగోవరస ఎవరిది?" అన్నాడు.

మూడోనాడు వానకి అది చచ్చిపోయింది.
అలవాటుగా ఫోన్ తీశాను,
ఎవరికి చెయ్యాలో తెలియలేదు.
స్టూలెక్కి తీగ వెంట వేలు పెట్టుకుంటూ పోతే
కిటికీ దగ్గర ప్లగ్గు వదులు.
నొక్కాను.
అంతే. అయినా
వంటింట్లోకి వెళ్లి నాకు నేనే కాఫీ కలిపి ఇచ్చుకున్నాను.

పాత పెట్టె ఉన్నచోట
గోడ మీద తెల్లటి చదరం, రెండు మేకు చిల్లులు.
ఖాళీ చేసేరోజు కన్నియప్ప మొదలియార్
అడ్వాన్సులోంచి వాటికీ పట్టుకుంటాడు.
కొత్తదాన్ని గోడకి కొట్టలేదు.
గూట్లో పెట్టాను,
చెయ్యి చాస్తే సంచిలో పడేలా.