ముఖం లేని తల

నా సంచిలో ఒక తల ఉంటుంది.
గట్టి చెక్క. ఇరవై మూడు సెంటీమీటర్ల వెడల్పు.
కళ్లు లేవు, ముక్కు లేదు, వెనక పట్టుకోడానికి ఓ పిడి.
దానికి తోడు ఒక చిన్న మొండెం.
బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ
పొద్దున సంచిలోకి తొంగిచూసి
శిలువ గుర్తు వేసుకుని సీటు మారింది.

ఉతెన ఊళ్లో ఏప్రిల్.
సరస్సు అంచున ఇంకా పెంకులా మంచు.
పార్కులో మా నాన్నల కాలం నాటి ఇనుప రాకెట్టు,
పదిసార్లు రంగేస్తే
పదకొండోసారి పైకొచ్చింది తుప్పు.

నా పని చెప్పడానికి తేలిక:
మొండెం దూరిన సందులో తలా దూరాలి.
దూరకపోతే ఆ సందు ఉండకూడదు.
పిల్లలు కాళ్లు ముందు పెట్టి దిగుతారు మరి,
ఒళ్లు జారిపోతుంది, తల ఆగిపోతుంది.
ఆ తర్వాతి వాక్యం నా నివేదికల్లో రాయను.

మూడో మెట్టు దగ్గర మొండెం దూరింది.
తల దూరలేదు.

"వాడికి నొప్పెడుతోందా?"
వెనక ఒక పిల్లాడు. పేరు తౌత్విదస్‌ట. ఐదేళ్లుంటాయేమో.
"వాడికి నొప్పి తెలీదు. అందుకే వాణ్ణి తెచ్చుకుంటాను."
కాసేపు ఆలోచించాడు.
తన ఉన్ని టోపీ తీసి
ఇరుక్కున్న చెక్కకి తొడిగాడు.
చలి కదా, అన్నాడు.

అప్పుడు చూశాను, వాడి కోటు మెడ దగ్గర తాడు.
వంగి లాగేశాను, ఈ కొస నుంచి ఆ కొస దాకా.
వాళ్లమ్మ బెంచీ మీంచి గబుక్కున లేచింది.
జారుడుబల్ల నెత్తిన
రెండు రేకులు కలిసే చోటు చూపించాను.
"నాకేం సందు కనబళ్లేదే!"
తాడు ముడికి కనబడుతుందమ్మా.

మధ్యాహ్నం ఈతకొలను.
ఆవిరి పట్టిన అద్దాలు, క్లోరిన్ వాసన,
ఎత్తు కుర్చీలో దంగ్వోలె, ఇరవై ఆరేళ్లుగా అక్కడే.
నాతో మాట్లాడుతుంది, నా వైపు చూడదు.
"మునిగేవాడు కేక వెయ్యడు.
ఊపిరికే నోరు చాలదు, ఇక పిలుపుకెక్కడిది?
చేతులూ ఊపడు. కనబడని నిచ్చెన ఎక్కుతున్నట్టు
నీళ్లని కిందికి తొక్కుతాడు, అంతే.
నేను అల్లరి వైపు చూడను.
అల్లరి ఆగిన చోటు చూస్తాను."

గోడ మీద నిబంధనల బోర్డు.
"పరుగెత్తరాదు" అన్న మాట సగం చెరిగింది,
పరుగెత్తుతూ పిల్లలు దాన్ని చరిచి చరిచి.
అన్నిటికీ కింద వేరే రేకు ముక్క:
"ఊపిరి బిగబట్టే పందేలు నిషేధం."
దాని మరలకి ఇంకా తుప్పు పట్టలేదు.
ఎప్పుడు పెట్టారిది? అన్నాను.
దంగ్వోలె మెడలో విజిల్ సర్దుకుంది.
రెండో చివర మెట్ల దగ్గర
పచ్చ టోపీ పిల్ల పైకి తేలేదాకా చూసింది.
జవాబు చెప్పలేదు. నేను మళ్లీ అడగలేదు.

అడుగున నీళ్లు లాగే జాలీకి నాలుగు మరలుండాలి.
మూడే ఉన్నాయి.
"సోమవారం బిగిస్తారట" అన్నాడు మేనేజరు.
ఇవాళ శుక్రవారం, అన్నాను,
గేటుకి ఎర్ర కాగితం అంటించాను.
తువ్వాళ్లు భుజాన వేసుకుని ఈత బడి పిల్లలంతా
గొణుక్కుంటూ వెనక్కి తిరిగారు.
మంత్రగత్తె, అందొక గొంతు, నాకు వినబడేలాగే.

సాయంత్రం బస్సులో నివేదిక రాసుకున్నాను:
రాకెట్టు, మూడో మెట్టు, సందు పద్నాలుగు సెంటీమీటర్లు. మూయాలి.
పెన్ను పెడదామని సంచి తెరిస్తే
టోపీ.
తిరిగివ్వడం మర్చిపోయాను.
చెవుల్లేని చెవుల మీదికి కిందికంటా లాగి ఉంది.

"ఎవరిదండీ?" అన్నాడు పక్క సీటు కుర్రాడు,
తల గురించో, టోపీ గురించో.
ఎవరిదీ కాదు, అన్నాను.
బస్సు గుంతలో పడింది.
సంచిని రెండు చేతులా పట్టుకున్నాను.