నువ్వుగింజ

"దీని నోట్లో నువ్వుగింజ నానదు" అనేది మా చిన్నమ్మ,
రాజంపేటలో, ఏడేళ్ల నన్ను చూసి.
పొరుగింటి పోట్లాటని
ఆమె అంట్లు తోమేలోపు
వీధి చివరిదాకా మోసుకెళ్లేదాన్ని.

ఇప్పుడు ఫహాహీల్‌లో,
పళ్ల డాక్టరు పై అంతస్తులో నా గది.
మూడు కుర్చీలు, కాగితపు రుమాళ్ల పెట్టె.
తలుపు బయట చిన్న యంత్రం ఒకటి,
లోపలి మాట పొక్కకుండా
రోజంతా సముద్రంలా హోరుమంటుంది.
అసలు సముద్రం రెండు వీధుల అవతలే.
దాన్ని నమ్మి ఎవరూ ఏమీ దాచుకోలేదు.

వాళ్ల పేర్లు చెప్పను.
అతను క్రేను నడుపుతాడని రాస్తే, నడపడని అర్థం.
ఆమె నర్సు అంటే, కాదని.
ఒక పాప ఉందన్న సంగతి మాత్రం
ఎంత మార్చి రాసినా మారడం లేదు.

మొదటి రోజే చెప్పాను, అందరికీ చెప్పినట్టే:
ఇక్కడన్నది ఇక్కడే ఉంటుంది.
ప్రాణం మీదికొస్తే తప్ప నోరు విప్పను.
ఇది మీ ఇద్దరి సొత్తు,
బయటికి తీయాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి.
తలూపారు,
అతను గడియారం చూసుకుంటూ,
ఆమె గాజులు పైకి తోసుకుంటూ.
ఏ కాగితం మీదైనా అలాగే సంతకం పెడతాం కాబోలు.

తొమ్మిదో వారం అతనొక మాట అన్నాడు.
ప్రాణం మీది మాట కాదు,
పరువు మీది మాట.
అన్నాక చాలాసేపు ఏసీ ఒక్కటే మాట్లాడింది.
ఆమె ఏడవలేదు. రుమాళ్ల పెట్టెని
అతని వైపు జరిపింది.
నేను నాలుగు పంక్తులు రాసి, సొరుగులో పెట్టి
తాళం వేశాను.

ఏడు నెలల తర్వాత, దుమ్ము తుఫాను రోజున
ఒక్కతే వచ్చింది.
కనుబొమల మీద ఇసుక, చేతిలో వకీలు కాగితం.
పాప ఎవరి దగ్గరుండాలో కోర్టు తేలుస్తుందట.
"ఆ నాలుగు పంక్తులు ఇవ్వండి మేడమ్."

అతని సంతకం కూడా కావాలన్నాను.

"దొంగ వచ్చి దొంగతనానికి సంతకం పెడతాడా?
మీ ముందే కదా అన్నాడు! మీరు వినలేదా?"

విన్నానని కూడా అనకూడదు నేను.
నిజం చెప్పాలంటే, నా మనసు ఆమె పక్కనే ఉంది.
తాళంచెవి నా బ్యాగులో
తాళంచెవిలా లేదు, నిప్పుకణికలా ఉంది.

"మీరూ ఆడవారేనా?" అంది.

అప్పుడొక్కటే అన్నాను:
ఆ సొరుగుకి ఒకటే తాళమమ్మా.
ఆరో వారం నువ్వన్నది కూడా అందులోనే ఉంది.

ఆమె చూపు నా మీంచి కుర్చీ మీదికి పోయింది,
ఆరో వారం తను కూర్చున్న కుర్చీ.
కాగితం మడిచింది. మళ్లీ మడిచింది.
చాయ్ తాగకుండానే వెళ్లిపోయింది.
కప్పులో మీగడ కట్టేదాకా కదల్లేదు నేను.
చేసింది న్యాయమని
నాకెవరూ చెప్పలేదు, ఇప్పటికీ.

నిన్న శుక్రవారం చేపల బజార్లో
జుబైదీ బేరమాడుతున్నాను.
అవతలి గట్టు దగ్గర ఆమె,
పక్కన ఎవరో స్నేహితురాలు, మధ్యలో పాప.
వాళ్లు పలకరిస్తే తప్ప నేను పలకరించకూడదు,
అదీ మొదటి రోజు చెప్పిందే.
చేప కళ్లు ఎర్రగా ఉన్నాయో లేవో
అవసరానికి మించి పరీక్షించాను.

"ఆవిడ నీకు తెలుసా? ఇటే చూస్తోంది" అంది స్నేహితురాలు.
ఆమె నన్ను సూటిగా చూసింది.
కోపం ఉంది. ఇంకేదో కూడా ఉంది.
"తెలీదు" అంది.

మా ఇద్దరి సంతకాలూ ఉన్న కాగితం
అదొక్కటే అనుకుంటా.

ఇంటికొచ్చాక సంచి అందుకుంటూ మా ఆయన అడిగాడు,
"బజార్లో ఎవరైనా తెలిసినవాళ్లు కనబడ్డారా?"

"చేపలు" అన్నాను.
నాలిక కింద ఏదో
మెల్లగా నానుతోంది.