ఖాళీ అయ్యేకొద్దీ చిన్నదయ్యేది

అమలాపురం గడియార స్తంభం దగ్గర
ఆటసామాన్ల కొట్లో
ఒక్కొక్క సీసానే చేత్తో ఎత్తి చూశాను.
స్టీలుది ఖాళీగానే బరువు,
నీళ్ళు పోస్తే చంటిపిల్లాడు.
రాత్రికి పది కిలోమీటర్లు ఇసకలో నడిచేదాన్ని,
చంకనెత్తుకోవడానికి నాకిప్పటికే
గుడ్ల సంచి ఉంది, టేపు ఉంది, లెక్కల పుస్తకం ఉంది,
రెండు నెలల బాకీ జీతం ఉంది.

"మడిచేది ఉందండి, సిలికానుది" అన్నాడు కుర్రాడు.
అప్పచ్చిలా అణిగి ఉన్నదాన్ని పట్టి లాగితే
మడతలు విప్పుకుని మెడ సాచింది
మెట్టతాబేలు తల బయటపెట్టినట్టు.
మావి సముద్రపువి,
తల దాచుకోవడం రాదు వాటికి.

ఎదుటి ఉల్లిపాయల బండి మీద కాటా అడిగాను.
స్టీలుది మూడొందల అరవై. ఇది నూట ముప్పై.
"నాలుగు ఉల్లిపాయలు మిగిలాయి నీకు" అంది బండావిడ.
మూత తీస్తే కొత్త చెప్పుల వాసన.
రెండు కడుగుళ్ళకి పోద్దన్నాడు గాని
నిమ్మతొక్కలేసి మూడు రాత్రులు నానబెట్టాక గాని పోలేదు.
నీళ్ళు నింపి
అతని చిట్టా పుస్తకం మీదే తలకిందులుగా నిలబెట్టి
వంద లెక్కపెట్టాను.
అరవై దగ్గర కుర్రాడి మొహం తడిసింది.
పుస్తకం తడవలేదు.

నలుపు, నీలం, నారింజ.
ఇసకలో పడితే కనపడాలని నారింజ.
నాలుగొందల ఎనభై.

గోదారోళ్ళకి నీళ్ళ సీసా ఏంటని నవ్వుతారు.
పాయలు, లాకులు, బోదెలు, బోదెకి పిల్లబోదెలు.
కాలవ చివరి ఊరు దాటి వచ్చి చూడండి.
బోరు వేస్తే ఉప్పు, చెరువంటే రొయ్యలు,
నది సముద్రంలో కలిసేచోట దోసిలి పడితే
ఏది గోదారో నాలిక్కి తెలీదు.
మలికిపురంలో కొన్న టిన్నులోంచి
ముప్పావు లీటరు, అంతే,
తెల్లారేదాకా.

ఏసుదాసు దగ్గర పాత కూల్‌డ్రింకు సీసా.
సగమయ్యాక అది నడకంతా గుడగుడ.
తల్లి తాబేలు గుంట తవ్వుకునేటప్పుడు
మేం దూరంగా బోర్లా పడుకుని ఊపిరి బిగబడితే
ఆ సీసా ఒక్కటే మాట్లాడేది.
నాది తాగినకొద్దీ ముడుచుకుంటుంది,
లోపల గాలికి చోటివ్వదు,
నీళ్ళకి ఊసులాడే వీల్లేదు.
ఈ సుగుణం దాని చీటీ మీద ఎక్కడా రాయలేదు.

శివరాత్రి మర్నాడు, అమావాస్య.
పల్లిపాలెం దాటాక కుక్కలు తోడిన గుంట.
గుడ్లేరుతూ సీసాని ఎక్కడో పెట్టాను,
రెండు గుక్కల మట్టుకి అణిచి.
మా పనికి తెల్లదీపం కూడదు, ఎర్ర టార్చే.
ఆ వెలుగులో నారింజ పాలిపోయి
ఇసకలో ఇసకైపోయింది.
ట్యూబులైటు కింద ఎంచుకున్న రంగు కదా!
మోకాళ్ళ మీద పాకుతూ తడిమాను.
వేళ్ళకి మెత్తగా తగిలింది.
నొక్కితే లొత్త పడింది.
హమ్మయ్య అనుకున్నాను.

గుడ్డు.
లెక్కలో తప్పిపోయిన నూట పదిహేడోది.
తోలులాంటి పెంకు, నా వేలిగుర్తు సొట్ట.
ఏ కొట్లోనూ దొరకని సీసా,
లోపల ఎవరో
తన నీళ్ళు తనే కట్టుకుని
యాభై రోజుల ప్రయాణానికి బయల్దేరారు.
సంచిలో పెట్టేటప్పుడు, ఎందుకో,
పైభాగం పైకే ఉందా అని రెండుసార్లు చూశాను.

సీసా తెల్లారాక ఏసుదాసు కాలికింద దొరికింది.
మడతల్లో ఇసక, ఇప్పటికీ కరకర.
మిగిలిన రెండు గుక్కలూ అతనే తాగి
అరచేతిలో అణిచి, వదిలి, మళ్ళీ అణిచి
"ఎంత పెట్టావేటి?" అన్నాడు.
జీతం రాని ఇద్దరి మధ్య
నాలుగొందల ఎనభై పైకి చెప్పే అంకె కాదు.
"రెండొందలు."
"ఆయ్, అయితే నాకూ ఒకటి తేమ్మా" అని
లుంగీ మడతలోంచి రెండు తడి నోట్లు తీసి
నా చేతిలో పెట్టాడు.
నారింజ మాత్రం వద్దన్నాడు.