సమోవర్‌కీ కంచెకీ మధ్య

నారిన్‌లో ఆ వారం బొగ్గు లారీ రాలేదు.
తరగతిలో చలి, బయటి చలికంటే మొండిది.
"ఇంకెందుకీ గోడలు, పదండి" అని
లెక్కల టీచరు బురుల్చా ఎజె
మమ్మల్ని మంచులోకి తోలింది,
ఇంటినుంచి తెచ్చిన సమోవర్‌ని
చంటిబిడ్డలా చంకనేసుకుని.

ముళ్లతీగ కంచెకి నాలుగడుగుల లోపల
దాన్ని దింపి, జునిపర్ పుల్లలు రాజేసింది.
"ఇది నాభి. ఆ కంచె నియతరేఖ.
దీనికెంత దూరమో దానికీ అంతే దూరంలో
ఎవరి చోటు వాళ్లు వెతుక్కోండి."

అందరికంటే ముందు సైకాల్‌కి దొరికింది:
ఇటు రెండడుగులు, అటు రెండడుగులు,
ఆవిరి వచ్చి ఆమె కళ్లద్దాల మీద వాలింది.
కవలలు చెరోపక్కా నాలుగేసి అడుగులు జరిగి
సమోవర్‌కి వరసలో నిలబడ్డారు.
ఒమూర్ తాడుతో కొలిచి, మళ్లీ కొలిచి,
తాడునే తిట్టుకుంటూ వెనక్కి తగ్గాడు.
నాకు మిగిలింది చిట్టచివర.
కంచెకి పదడుగులు, సమోవర్‌కి పదడుగులు.
లెక్క సరిపోయింది. కాళ్లు కొయ్యబారాయి.

నిరుడు విరిగిన మంచుబండి
కంచెకి అడుగు దూరంలో పడివుంది; అదే మూలబిందువు.
గడ్డకట్టిన సుద్దని నోటితో ఊదుకుంటూ
ఎజె బడి తలుపు మీద రాసుకుపోయింది.
నాభికి దూరం వర్గం ఒకపక్క,
కంచెకి దూరం వర్గం ఇంకోపక్క.
రెండుపక్కలా ఉన్న y వర్గాలు
బాకీ తీరిన ఇరుగుపొరుగుల్లా
చెల్లుకు చెల్లని తప్పుకున్నాయి.
మిగిలింది పిడికెడు:

x² = 8y − 8

పదకొండుమందిమి
టోపీలతో, చీమిడి ముక్కులతో సహా
అందులో ఇమిడిపోయాం.

పళ్లు టకటకలాడుతుంటే నేనన్నాను:
"ఎజె, దూరాలు సమానమే.
వెచ్చదనం మాత్రం సైకాల్‌కే."
ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు.
తలుపు వైపు తిరిగి
పై వరసనుంచి మళ్లీ చదువుకుంది,
ఎక్కడో గుర్తు తప్పు వేసినట్టు.
"లేదు, ఇందులో ఆ సంగతి లేదు" అంది.
మొదటి గిన్నె టీ నింపి
గాలికి అరచెయ్యి అడ్డంపెట్టి
నాభినుంచి పదడుగులూ నడిచొచ్చింది.

సాయంత్రం గేటుదగ్గర వెనక్కి చూశాను.
మంచులో మా బూట్ల గుంటలు
ఎటూ మూసుకోని వంపు తిరిగి ఉన్నాయి.
వంపు లోపల, ఆ సమీకరణానికి చెందని
అడుగుల జాడ ఒకటి, పోనూ రానూ,
దారిపొడుగునా
టీ ఒలికిన గోధుమరంగు చుక్కలతో.