తరుగుదల

జయనగర నాలుగో బ్లాకులో
హాస్టల్ ఫారం నింపేటప్పుడు
జాతి అన్న చోట చిరుత అనీ
ఆహారం అన్న చోట, కాసేపు ఆగి, మెస్ అనీ రాశాను.

బీకాం రెండో ఏడు నాది. లెక్క తప్పను.
పొద్దున్నే అరలీటరు ఎముకల పులుసు తాగి
గోళ్లు లోపలికి ముడుచుకుని
ముందు బెంచీలో కూర్చుంటాను.

పక్కన చంపక. చుక్కలదుప్పి.
బ్యాలెన్స్ షీటు ఎప్పుడూ టాలీ అవదు దానికి.
నా పుస్తకంలోకి మెడ వంచి చూస్తుంది.
ఆ మెడలో ఒక నరం
టిక్కు టిక్కుమంటుంటే
తరుగుదల సూత్రం మనసులో వల్లె వేసుకుంటాను.

వార్డెన్ లేదనుకో,
సీసీ కెమెరా లేదనుకో,
అయినా వద్దనే గొంతు ఒకటుంది లోపల.
అది అమ్మది కాదు.
అమ్మ తినమనే అంటుంది.

నిన్న సాయంత్రం వాన.
బన్నేరుఘట్ట బస్సు కదిలిపోతోంది.
చంపక పరిగెత్తింది.

పరిగెత్తకూడదు, నా ముందు.
నా వీపు నన్నడక్కుండానే వంగింది.
గోళ్లు తారు రోడ్డును గీరాయి.
"నడువు!" అని అరిచాను. "నీకు దండం పెడతాను, నడువు!"

ఆగింది. వెనక్కి చూసింది.
తెలిసింది దానికి.
బస్సు వెళ్లిపోయింది.

బేకరీ చూరు కింద నిలబడ్డాం,
మధ్య ఒక గొడుగంత దూరం.
దిల్‌పసంద్ కొని సగం తుంచి ఇచ్చింది.
కొబ్బరి గొంతు దిగదు నాకు.
నమిలాను. చాలాసేపు నమిలాను.
మళ్లీ బస్సెప్పుడని అడిగింది,
మామూలుగానే.
పొట్టి తోక మాత్రం
ఇంకా నిక్కే ఉంది.