చలిమిడి

రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
తలలు తీసే బల్లకి అటు ఆమె,
ఇటు ఐసు పెట్టెలతో నేను.
మేఘాలయ నుంచి మూడు రైళ్ళు మారి
ఆకివీడులో దిగిన పిల్ల, ఇబాన్రీ.
మా ఇద్దరికీ కలిసిన భాష హిందీ,
అదీ చెరిసగమే వచ్చు.
ఆ సగంతోనే అన్నీ సరిపోయాయి
ఒక్క మాట దగ్గర తప్ప.

పెళ్ళయ్యాక ఎక్కడుందాం అన్నాను.
అదేం ప్రశ్న అన్నట్టు చూసింది.
"మా ఇంటికి వస్తావు.
నేను ఆఖరి కూతుర్ని. ఇల్లు నాది, అమ్మ నాది.
పిల్లలకి నా ఇంటిపేరు."
రొయ్య తల తీసినంత తేలిగ్గా చెప్పి
ఇంకో రొయ్య అందుకుంది.

"ఇల్లరికమా!"
అమ్మ చేతిలో చేప జారి బూడిదలో పడింది.
మా వైపు ఆ మాటని
కొంచెం నవ్వి, కొంచెం గొంతు తగ్గించి అంటారు.
నాన్న ఏమీ అనలేదు.
చెరువులో ఏరేటర్ ఆగిందని లేచి వెళ్ళాడు.
ఏరేటర్ ఆగలేదు.

మర్నాడు నర్సాపురం రేవులో పంటెక్కి
సఖినేటిపల్లి అక్క దగ్గరికెళ్ళాను.
నా పక్షం ఉంటుందని కాదు,
చెప్పుకోడానికి వేరే గుమ్మం లేక.
అక్క లేసు అల్లుతోంది. సూది ఆపలేదు.
"ఎంత దూరంరా?"
"మూడ్రోజులు."
"నాకు పావుగంట, పంటు మీద.
పద్నాలుగేళ్ళలో ఎన్నిసార్లొచ్చానో లెక్కెట్టు."
లెక్కెట్టాను.
వేళ్ళు మిగిలిపోయాయి.

"వాళ్ళ కూరలు వేరక్కా.
ఎక్కడ కూచోవాలో తెలీదు.
నా పేరు పలకడం కూడా రాదు వాళ్ళకి."
"మా అత్త నన్ను ఏడాదంతా 'ఏమే' అంది.
ధనకుమారినని
రేషన్ కార్డొచ్చాకే తెలిసింది ఆవిడకి."
నవ్వింది.
నేను నవ్వబోయి మానేశాను.

"ప్రేమించావా?"
ఆ మాట అక్క నోట వినడం అదే మొదలు.
కొత్త నోటుని వెలుతురుకి పట్టి చూసినట్టు అడిగింది.
ఊఁ అన్నాను.
"నన్నెవరూ అడగలేదు.
జాకెట్టుకి కొలతలడిగారు."

"మరి బావంటే…"
"ఇష్టం లేకేం? ఆలస్యంగా వచ్చింది.
ఓసారి నాకు జ్వరమొస్తే
కొబ్బరి దింపు మధ్యలో వదిలేసొచ్చి
జావ కాచాడు, మాడ్చేశాడు.
ఆ మాడు వాసనతో వచ్చింది.
మీది ముందొచ్చింది. అంతేరా తేడా.
వచ్చాక నిలబెట్టుకోడం
మీకూ మాకూ ఒకటే పని."
దారం తెంపింది, పళ్ళతో.

రైలు రోజున అమ్మ రాలేదు.
నాన్న గేటు దాకా వచ్చి, సైకిలు దిగకుండా
ఒక కాలు నేల మీద ఆన్చి చూశాడు.
అక్క మాత్రం ప్లాట్‌ఫాం మీద,
చెమటలో, చేతిలో స్టీలు డబ్బాతో.
మూత తీస్తే చలిమిడి.
"ఇది ఆడపిల్లలకి కదక్కా."
"పుట్టిల్లు వదిలేవాళ్ళకి" అంది.

ఇబాన్రీ సంచిలోంచి పచ్చి వక్క తీసి
ఆకులో చుట్టి రెండు చేతులా అక్కకిచ్చింది,
అది వాళ్ళ మర్యాద.
అక్క బుగ్గన పెట్టుకుంది.
చెవులు ఎర్రబడి, కళ్ళ నీళ్ళొచ్చి,
"అమ్మో, ఎంత వేడే!" అంది.
ఆ నీళ్ళు వక్కవో, నావో
అడిగే లోపు రైలు కదిలింది.

ఉండి దాటేదాకా
డబ్బా ఒళ్ళో పెట్టుకుని
కొత్తకోడలిలా కూచున్నాను.
తర్వాత ఒక ముద్ద తిన్నాను.
పద్నాలుగేళ్ళ కిందట, పదకొండేళ్ళవాణ్ణి,
సాగనంపేటప్పుడు అక్క డబ్బాలో చెయ్యి పెట్టి
సగం తినేసింది నేనే.
ఆ రోజు అక్క ఎందుకేడుస్తోందో
చలిమిడి కోసమే అనుకున్నాను.