నల్లపూస

వాల్యూం ఆరు దాటితే చాలు
పెద్దమ్మ ఫిడేలు మీద మోహనం మధ్యలోకి
ఎవరో దూరి
మిర్చి యార్డులో తేజ రకం క్వింటా ధర చెప్పేవాడు.
మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత
క్యాసెట్టు తీసి బీరువాలో పెట్టేశాను.

అరండల్‌పేట నుంచి శిలార్ సాయిబు వచ్చాడు.
ఆంప్లిఫయర్ని ముట్టుకోనైనా లేదు.
గోడవార మోకాళ్ల మీద వంగి
చుట్టలు చుట్టి దాచిన సన్న తీగని బయటికి లాగి
"ఇది వైరు కాదమ్మా, ఏరియల్.
గుంటూరు గాలంతా దీని చెవిలోనే ఊదుతోంది" అన్నాడు.

కొత్తది మూరెడే.
పైతొక్క ఒలిస్తే లోపల
జడలా అల్లిన రాగి పోగులు.
వాటికి ఒక్క కొసనే టంకం పెట్టాడు,
రెండు కొసలూ కడితే మళ్లీ గుయ్యిమంటుందట.
చివర్న తీగకి ఫెరైటు పూస తొడిగి
"నల్లపూస" అని తనే నవ్వాడు.

ధరలవాడు ఆ పూట నుంచీ నల్లపూసే అయ్యాడు.

మోహనం ఒంటరిగా వచ్చింది.
దాని వెనక, ఇన్నేళ్లూ వినపడని
కుక్కరు కూత. ఒకటి. రెండు.
కమాను ఆపకుండానే పెద్దమ్మ గొంతు:
"పిల్లా, స్టవ్వు కట్టెయ్."

సాయిబు స్క్రూడ్రైవరు పట్టుకుని నావైపు చూశాడు.
అది వైరుది కాదులే, అన్నాను.

ఆ రోజు పప్పు మాడింది.